మంద అను మాట

తరచుగా వినుటచేతనే మనము ఆగి ఆలోచింపని మాటలు కొన్ని గలవు. ‘మంద’ అట్టిది. ప్రార్థన చేయువారు ఈ చిన్న మందను కాపాడుమని వేడుకొందురు. సంఘ నివేదికలో మందయొక్క క్షేమమని వ్రాయుదురు. అయ్యగారు బదిలీయై పోవునాడు, నా మందను విడిచి పోవుచున్నానని చెప్పి కండ్లు తుడుచుకొందురు. ఈ మాటను మిషనెరీలు ఓడలో తెచ్చి మనకియ్యలేదు సుమా. గొల్లలు, కురుమలు, పసులు కాయు పిల్లలు తరతరములుగా పలుకుచున్న మాటనే బైబిలును తెనిగించినవారు తీసికొని వాడిరి. కనుక దాని అర్థము తెలియగోరువాడు నిఘంటువు తెరచినంతనే చాలదు. పొలము గట్టునకు పోవలెను. నేను కాపురముండు రుద్రూరులో అందుకు ఎంతో దూరము నడువనక్కరలేదు.

రుద్రూరును ఎరుగనివారికొరకు ఒక మాట. ఇది బాన్సువాడ ప్రాంతములో, నిజామాబాదు జిల్లాలోనిది. 2016లో మండల కేంద్రమైనది. మంజీర నదిమీద 1923లో మొదలుపెట్టి 1931లో ముగించిన నిజాంసాగరు కాలువ నీళ్లు ఈ ప్రాంతపు పొలములకు ఆధారము. వరియు చెరకును మా బ్రదుకు. ఆ నీళ్లను నమ్ముకొని కోస్తా జిల్లాలనుండి రైతులును కూలీలును వచ్చి, క్యాంపులు వేసికొని, ఇక్కడనే నిలిచిపోయిరి. ఆ సంగతి ఇప్పుడెందుకందురా? నేను చెప్పబోవుదానిలో ఒక ముఖ్యమైన భాగము వారి భాషకును మా భాషకును నడుమ జరిగినది.

మన తెలుగులో ఏ జీవి గుంపునకు ఆ మాట ఉన్నది. చీమలు బారు తీరును. ఆకాశమున కొంగలును బారే. మిడతలు దండుగా వచ్చును. తేనెటీగలు తుట్టె పట్టును. కోతులది మూక. ఎద్దులు రెండైనయెడల జత యందుము, కాడి యందుము. ఆవులు, బర్రెలు, గొఱ్ఱెలు, మేకలు, పందులు – ఇవి మంద. జింకల మంద, ఏనుగుల మంద అనువారును కలరు; అది తప్పని నేననను. అయినను మా ఊరిలో మంద అనగానే రెండవ ప్రశ్న వెంటనే వచ్చును: “ఎవలది?” చీమల బారును చూచి ఎవరిదని ఎవరును అడుగరు. మందకు మాత్రము ఒకడుండవలెను. మార్కు సువార్తలో రెండువేల పందులు సముద్రములో పడిపోయినప్పుడు, వాటిని మేపుచున్నవారు పరుగెత్తి ఊరిలో చెప్పిరి గదా. పందులదైనను అది మందయే. దానికిని మేపువాడు ఉండెను, అడుగువాడు ఉండెను.

మందకు దగ్గరగా వినబడు మాటలు చాలా ఉన్నవి, అన్నియు చుట్టములు కావు. మందబుద్ధి, మందభాగ్యుడు అనువాటిలోని మంద సంస్కృతము. దానికి నెమ్మదియైన, కొంచెమైన అని అర్థము. నిబంధన మందసమునకును మన గొఱ్ఱెలకును ఏ సంబంధమును లేదు, అది పెట్టె. ఒకసారి ఆదివారపు బడిలో ఒక పిల్లవాడు, మందసమనగా చిన్న మందయా అని అడుగగా, వాని టీచరు నవ్వు ఆపుకొనలేక బయటికి పోయెను! ‘మంది’ సంగతి మాత్రము వేరు. పదిమంది, వందమంది అని మనుష్యులనే లెక్కింతుము; పదిమంది గొఱ్ఱెలు అనము. అయితే మా తెలంగాణలో మంది అనగా పరాయివారు అనియు అర్థమున్నది. మంది సొమ్ము అనగా మనది కానిది. మంది మాట అనగా పట్టించుకొననక్కర లేనిది. ఒక్క అక్షరము గుణింతము మారగానే మనవారు పరాయివారై పోవుట చూచితిరా? జాతరలో ఉన్నది మంది. అందులో ఒకడు తప్పిపోయినను జాతర సాగును.

ఇదే మాటను తిట్టుగాను వాడుదురు. ఎన్నికల దినములలో ఒకరినొకరు గొఱ్ఱెల మంద అనుకొనుట మీరు వినియే యుందురు. దూరమునుండి చూచువానికి మంద ఒక్క ముద్ద. అన్ని తలలు ఒక్కటే, అన్ని కాళ్లు ఒక్క వైపే. దగ్గర నిలిచినవాడు ఏమి చూచునో తెలిసికొందమని, కోతలైన తరువాత మా పొలములకు వచ్చు ఒక ముసలి కాపరియొద్ద నేను చాలా సాయంకాలములు కూర్చుంటిని. ఆయన మన సంఘమువాడు కాడు. ఆయన తండ్రియు ఇదే పొలముల మీదికి జీవాలను తోలుకొని వచ్చెడివాడట.

పద్ధతి మీకు తెలిసినదే. వరి కోసి, మరల నాటు వేయకముందు, రైతు తన మడిలో రాత్రులు గొఱ్ఱెల మంద పెట్టించును. వాటి పెంటికలును మూత్రమును నేలకు బలము. ఒక రాత్రి ఒక మడి, మరునాడు పక్క మడి. పూర్వము ఇందుకు వడ్లు కొలిచెడివారు. ఇప్పుడు చాలా చోట్ల రూపాయలే. కాపరి గొంగడి కప్పుకొని, కర్ర పక్కన పెట్టుకొని, జీవాల అంచుననే పండును. లూకా సువార్తలో రాత్రివేళ పొలములో మందను కాచుకొనుచుండిన వారిని గూర్చి చదివినప్పుడు పట్టణపు పిల్లలకు బొమ్మల పుస్తకము జ్ఞాపకము వచ్చును. మనకు మన మడి జ్ఞాపకము వచ్చును. ఇది దేవుడు పల్లెవారికిచ్చిన లాభమని నేననుకొందును.

ఆయన మాటలలో నేను మొదట గమనించినది ఇది. గొఱ్ఱెలన్నియు కాలువ గట్టున మేయుచుండగా, ఇక్కడ ఒక్కటియు లేనప్పుడు, ఆయన “మందకాడ సద్ది వెట్టిన, తెచ్చుకుంట” అనెను. మంద అక్కడ లేదు గదా యని నేననుకొంటిని. ఆయనకు మంద అనగా గొఱ్ఱెలును మందయే, అవి రాత్రి పండు చోటును మందయే. గోడ లేదు, గడప లేదు, తాళము లేదు. ఉన్నదల్లా అణగిన గడ్డి, వాసన, ఒక కట్టెల నెగడు బూడిద.

“పెద్దయ్యా, ఎన్ని జీవాలుంటవి?” అని అడిగితిని.

“లెక్క జెప్పొద్దు సారూ” అని నవ్వెను.

“మరి ఒకటి తప్పిపోతే ఎట్ల తెలుస్తది?”

ఆయన నావైపు కొంతసేపు చూచి, “లేంది కండ్లల్ల మెదుల్తది సారూ. ఉన్నయాటిని ఎవలు జూస్తరు?” అనెను.

ప్రియ చదువరీ, తొంబదితొమ్మిదింటిని విడిచి ఒకదానిని వెదకుటకు పోయిన కాపరిని గూర్చి నేను ఎన్నో ప్రసంగములు వింటిని. అందులో కొందరు ఆ తొంబదితొమ్మిదింటి గతియేమని వాదింతురు. ఈ ముసలివానికి ఆ ప్రశ్నయే లేదు. అటుపిమ్మట ఆయన చీకటిలో వేలు చూపుచు చెప్పసాగెను: అది బొల్లిది, అది కుంటిది, అది తల్లి చచ్చిన పిల్ల, అది మొన్న కాలువలో పడినది. నాకు అన్నియు నల్లటి మూటలవలెనే కనబడెను.

లెక్క మీద నడచు పని మరియొకటి కలదు; అది ప్రభుత్వపు పని. 2017 జూన్ 20న తెలంగాణ ప్రభుత్వము గొల్ల కురుమలకు గొఱ్ఱెలిచ్చు పథకము ఆరంభించెను. ఇరువది ఆడ గొఱ్ఱెలు, ఒక పొట్టేలు, వెలలో నూటికి 75 వంతులు సబ్సిడీ. దానికి కార్యాలయములో పెట్టిన పేరు ‘యూనిట్’. (యాకోబు ఏశావుకు పంపిన కానుకలో రెండువందల గొఱ్ఱెలకు ఇరువది పొట్టేళ్లు, అనగా పదింటికి ఒకటి. ఆయన చేయి ప్రభుత్వపు చేతికన్న ధారాళము!) 2019 పశుగణనలో మన రాష్ట్రమున ఒక కోటి 90 లక్షలకు పైగా గొఱ్ఱెలున్నట్లు తేలినది, దేశములో మనదే మొదటి స్థానము. దానిని నేను తక్కువ చేయను, పేదలకు పని దొరికినది. అయితే మా కాపరి తన అల్లునికి వచ్చిన జీవాలను గూర్చి చెప్పిన మాట విడిచిపెట్టలేను. ఎక్కడెక్కడనుండియో కొని తెచ్చినవి గనుక అవి చాలా దినములవరకు ఒకదానియొద్దకు ఒకటి చేరక, రాత్రి పూట నాలుగు మూలల పండెడివట. “యూనిట్ అయితే వచ్చింది గని, మంద గాలే” అనెను.

ఇక దొడ్డి మాట. యోహాను సువార్త పదియవ అధ్యాయములో ప్రభువు రెండు వేరు మాటలు వాడెను: ఒకటి దొడ్డి, రెండవది మంద. తన గొఱ్ఱెలన్నియు ఒకే దొడ్డిలోనివి కావనియు, అయినను మంద ఒక్కటే యగుననియు ఆ మాటల సారము. నాలుగవ శతాబ్దపు అంతమున జెరోము అను పండితుడు లాటినులోనికి తిప్పినప్పుడు రెండు చోట్లను దొడ్డి యనియే వేసెను. 1611లో వెలువడిన ఇంగ్లీషు బైబిలులోను అట్లే వచ్చెను. మూల భాషను బట్టి దానిని మంద యని దిద్దిన ఇంగ్లీషు సవరణ 1881లో వచ్చినది. ఒక్క మాటయే గదా యందురా? దొడ్డి ఒక్కటే యన్నప్పుడు, మా గోడలోపలికి వచ్చినవాడే గొఱ్ఱె యని చెప్పుటకు వీలు కలిగెను. మనము చదువు తెలుగు బైబిలులో ఈ రెండు మాటలును వేరువేరుగానే ఉన్నవి. మన కాపరులకును ఆ భేదము తెలుసు. దొడ్డి కట్టినచోటనే యుండును. మంద నడుచును, పండినచోటెల్ల దాని చోటగును.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఆంగ్లికనులు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియనులు, కాంగ్రిగేషనలిస్టులు కలిసిరి. లూథరనులును బాప్టిస్టులును వేరుగానే ఉండిరి. మా వైపు పాత కుటుంబములవారి తాతలు వెస్లియను మిషనువారు. కోస్తానుండి వచ్చినవారిలో లూథరను ఇండ్లవారున్నారు. ఒక్క బల్లమీద కూర్చుండి పాడుదురు, పాట రాగము దగ్గర కొంచెము తగాదా పడుదురు. దొడ్లు వేరైనను బాధ లేదు. మా చిక్కు మరియొక మాటయొద్ద వచ్చినది. ఆ మాట ‘మందలించుట’.

కోస్తావారికి మందలించుట యనగా తప్పు చేసినవానిని మెత్తగా కోపపడుట. పుస్తకములలోను ఆ అర్థమే. నెల్లూరు వైపు “ఏమి మందల?” అనినయెడల ఏమి సంగతి యని. మా తెలంగాణలో మందలిచ్చుడు అనగా పలుకరించుట, యోగక్షేమములడుగుట. మరి ముఖ్యముగా చావు జరిగిన ఇంటికి పోయి, కూర్చుండి, వారు చెప్పినది వినుట. చావు ఇంటికి పోయి మందలియ్యనివానిని మావారు చాలాకాలము మరువరు. ఈ మాట మందలోనుండియే పుట్టినదని నేను పండితులతో వాదింపను. ముసలి కాపరి మాత్రము, మందలో నుండి తప్పినదానిని పోయి పలుకరించుటే మందలిచ్చుడని నమ్మును.

మా ప్రాంతములోని ఒక సంఘములో జరిగిన సంగతి చెప్పెదను. ఊరి పేరు వద్దు. అక్కడ ఒక విధవరాలి ఒక్కగానొక్క కుమారుడు గల్ఫుకు పోయి, పనిలోనే చనిపోయెను. మా జిల్లాలో ఇది వింత కాదు. పెట్టె వచ్చుటకు నెలకు పైగా పట్టెను. సమాధి దినమున సంఘమంతయు వచ్చెను. ఆ తరువాత ఆమె అయిదు ఆదివారములు ఆరాధనకు రాలేదు. కమిటీలో ఆరాధనకు రానివారి పేర్లు చదివినప్పుడు నలుగురు తేలిరి. స్థానికుడైన ఒక పెద్ద ఆమె పేరు రాగానే “ఆమెను మందలియ్యాలె” అనెను. అందరును ఔననిరి. కార్యదర్శి క్రొత్తవాడు, క్యాంపులో పుట్టి పెరిగిన యౌవనుడు, మంచివాడు, చేతివ్రాత ముత్యములవంటిది. ఆయన ఆ మాటను నలుగురికిని చేర్చి తీర్మానము వ్రాసి, నలుగురికిని ఒకే ఉత్తరము పంపెను: తమరు ఇన్ని ఆదివారములు రానందున తమరిని మందలించుటకు కమిటీ తీర్మానించినది. తక్కిన ముగ్గురిలో ఒకడు కోపగించుకొనెను, ఇద్దరు మరు వారము వచ్చి వెనుక కూర్చుండిరి. తరువాతి కమిటీలో “మందలించడమైనది” అని చదువగా, పెద్దమనిషి ఎవరో పోయి వచ్చిరి గదా యని తృప్తిపడెను.

ఆమెకు చదువు రాదు. పొరుగింటి పిల్ల ఉత్తరము చదివి వినిపించెను. ఆమె మా భాషలోనే అర్థము చేసికొనెను. వాకిలి ఊడ్చి, చల్లి, పక్కింటినుండి రెండు కుర్చీలు అడిగి తెచ్చి వేసెను. పాలు పోయించుకొనెను. చీకటి పడువరకు చూచెను. మరునాడును చూచెను. కుర్చీలు ఎన్నాళ్లు ఉంచుకొనగలదు? మూడవనాడు ఇచ్చివేసెను.

పది దినముల తరువాత నేను వేరొక పనిమీద ఆ వాడకు పోయితిని. ఆమె నన్ను చూచి కొంగు సవరించుకొని, “సారూ, కమిటోళ్లు ఊర్లె లేరా?” అని అడిగెను. ఉన్నారంటిని. “మందలియ్య వస్తమని కాగితం పంపిండ్రు. పాలు ఇరిగినయి” అనెను. ఆమె ఫిర్యాదు చేయలేదు; ఎవరికైనను జబ్బు చేసినదేమోయని అడుగుచుండెను.

నేను తిన్నగా కార్యదర్శి ఇంటికి పోయి ఉన్నది ఉన్నట్లు చెప్పితిని. ఆయన ఉత్తరపు నకలు తీసి చదివికొని, చాలాసేపు మాటాడలేదు. “మా ఇంట్లో ఆ మాటకి కోప్పడ్డమనే అర్థమండి. నేను ఆవిడకి ఆ మాట రాయాలా వద్దా అని ఆ రాత్రి నిద్రపోలేదు” అనెను. కుమారుడు పోయిన తల్లిని కోపపడుటయా యని లోపల బాధపడుచునే, కమిటీ మాట గదా యని వ్రాసెనట. ఆయనమీద నాకు కోపము రాలేదు. అయితే ఆ గదిలో ఏడుగురు కూర్చుండి ఔననిరి గదా. తీర్మానము చదివినప్పుడు, ఎవరు పోయిరి, ఆమె ఏమనెను అని ఒక్కరైనను అడిగియుండిన తెలిసిపోయెడిది. అది నాకు ఇప్పటికిని మ్రింగుడుపడదు.

పల్లెలలో బందెలదొడ్డి యని ఉండెడిది, మీలో పెద్దలకు జ్ఞాపకముండును. చేను మేసిన పశువును అందులో తోలి, డబ్బు కట్టినగాని విడువరు. పశువు ఎందుకు తప్పి వచ్చినదని అక్కడ ఎవరును అడుగరు.

ఆ సాయంకాలమే అయ్యగారు, పెద్దమనిషి, కార్యదర్శి ముగ్గురును పోయిరి. నేనును వెంట పోయితిని. కుర్చీలు లేవు గనుక చాపమీద కూర్చుంటిమి. ఆమె కుమారుని ఆఖరి ఫోను మాటనుండి పెట్టె దించిన రాత్రివరకు చెప్పెను. గంట దాటెను. ఆదివారముల మాట ఎవరును ఎత్తలేదు. ఎందుకు రావడము లేదో ఆమెయే చెప్పెను: ఆ పెట్టెను ఆరాధన గదిలో ఏ బల్ల ముందు దించిరో, ఆమె ఎప్పుడును కూర్చుండు చోటు అదేనట. అటువైపు చూడలేకపోవుచున్నదట. అయ్యగారు, వచ్చే వారము నా భార్య ప్రక్కన, కిటికీ దగ్గర కూర్చుండుము అమ్మా యనిరి. ఆమె ఔననలేదు, కాదనలేదు. మేము లేచినప్పుడు కార్యదర్శితో, “నువ్వు క్యాంపు పిల్లగానివి గదా బిడ్డా, మళ్ల రా” అనెను.

తరువాతి కమిటీలో పుస్తకములో ఏమి వ్రాయవలెనని చర్చ జరిగెను. ‘పలుకరించుట’ అని మార్చుదమని కార్యదర్శి, పాత మాటే ఉండనిమ్మని పెద్దమనిషి. చివరకు మాట మార్చలేదు. పుటలో రెండు గీతలు ఎక్కువ గీసిరి. రానివారి పేరునకు ఎదురుగా ఇప్పుడు, ఎవరు పోయిరి, ఏ దినమున పోయిరి అని వ్రాయుటకు చోటున్నది. గత నెల పుటను నేను చూచితిని. పేర్లు ఏడు. అయిదింటికి ఎదురుగా ఆ ముత్యములవంటి వ్రాతతో తేదీలున్నవి. రెండు ఇంకను ఖాళీగా నున్నవి. అందులో ఒకరి ఇల్లు కాలువ ఆవలి క్యాంపులో, రెండవవాని ఇల్లు నా ఇంటికి నాలుగిండ్ల అవతల.